ఇంటి ఆవరణలో వాక్కాయ: పెంపకం, వినియోగం, జాగ్రత్తలు

సోలాపూర్ నగరంలో ఒకే కాయకు నాలుగు భాషలలో నాలుగు పేర్లు వినిపిస్తాయి. మరాఠీవారు దానిని కరవంద అంటారు. అక్కల్‌కోట్ వైపునుంచి వచ్చిన కన్నడిగులు కవళి అంటారు. హిందీ, ఉర్దూ మాట్లాడేవారికి అది కరౌందా. తెలుగువారికి వాక్కాయ, ఊరిని బట్టి కలివికాయ, కలేకాయ అన్న పేర్లూ ఉన్నాయి. పేర్లు వేరైనా ఆ పులుపు అందరి వంటిళ్లకూ పరిచయమైనదే.

మగ్గాల పని వెదుక్కుంటూ తెలంగాణ జిల్లాలనుంచి సోలాపూర్ చేరిన తొలి తరాలవారికి వాక్కాయను ఎవరూ పరిచయం చేయవలసిన అవసరం ఉండేది కాదు. చేనిగట్ల మీద, గుట్టల వాలులలో ఆ పొదలు ఎవరూ నాటకుండానే పెరిగేవి. పశువులు పొలంలోకి రాకుండా వాటి ముళ్లే కాపలా కాసేవి. నగరంలో పుట్టి పెరిగిన మనుమలకు ఆ పొదను చూసే అవకాశం లేదు. వారు కాయను సంతలో చూస్తారు, లేదా రంగు మారి, పేరు మారి, బేకరీ రొట్టె మీద చూస్తారు. మొక్కను పోల్చుకోలేకపోవడం వల్ల ఒక రుచి దూరమవుతుంది. అంతకంటె ముఖ్యంగా, విషపు కాయను తినదగిన కాయగా పొరబడే ప్రమాదం కూడ ఏర్పడుతుంది. అందువల్ల వాక్కాయను పెంచే విధానంతోపాటు దానిని గుర్తించే విధానాన్ని కూడ ఈ వ్యాసం వివరిస్తుంది.

మొక్కను గుర్తించడం ఎలా?

వాక్కాయ ఏడాది పొడవునా పచ్చగా ఉండే ముళ్లపొద. శాస్త్రీయ నామం కరిస్సా కరండాస్. గన్నేరు, నందివర్ధనం, బిళ్ల గన్నేరు చేరిన కుటుంబానికే ఇదీ చెందుతుంది. స్వేచ్ఛగా పెరగనిస్తే 2 నుంచి 4 మీటర్ల ఎత్తు వరకు ఎదుగుతుంది. ఆకులు కోడిగుడ్డు ఆకారంలో, మందంగా, నిగనిగలాడుతూ, కొమ్మకు ఇరువైపులా ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. ముళ్లు కూడ జంటగానే వస్తాయి. కొన్ని కొనవద్ద రెండుగా చీలి ఉంటాయి. పూలు తెల్లగా, చిన్నగా, అయిదు రేకలతో, మల్లెను తలపించే సువాసనతో గుత్తులుగా పూస్తాయి.

కాయలు గుత్తులుగా కాస్తాయి. మొదట లేత ఆకుపచ్చగానో, గులాబి ఛాయ గల తెలుపుగానో ఉండి, తరువాత ఎర్రబడి, పూర్తిగా పండినప్పుడు ముదురు ఊదా లేదా నలుపు రంగుకు మారుతాయి. కాయను కోస్తే లోపల పలుచని గోధుమరంగు గింజలు అనేకం కనిపిస్తాయి. ఆకు తుంచినా, కాయ గిల్లినా తెల్లని జిగురుపాలు కారుతాయి.

వేసవిలో మహారాష్ట్ర నగరాలలో ‘డోంగరాచీ కాళీ మైనా’ అన్న కేకతో అమ్మే నల్లని చిన్న పండ్లు పశ్చిమ కనుమల అడవులలో కాసే కరవందలు. అవి వాక్కాయకు అతి సమీప బంధువులు. వాటిని పండిన తరువాత తియ్యగా నేరుగా తింటారు. వాక్కాయను ఎక్కువగా పచ్చిగానో, దోరగానో వంటలో వాడతారు.

పాలు కారే ప్రతి కాయ వాక్కాయ కాదు

పిల్లలున్న ప్రతి ఇంటివారూ ఈ భాగాన్ని శ్రద్ధగా చదవడం అవసరం. ఉద్యానాలలో, రహదారి మధ్య గల పూలవరుసలలో, పాఠశాలల ప్రహరీల వెంట పచ్చ గన్నేరు విరివిగా కనిపిస్తుంది. మరాఠీలో దానిని పివళీ కణ్హేర్ అంటారు. అదీ ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, తుంచితే పాలు కారుతుంది, కాయ పండి నల్లబడుతుంది. ఆ మొక్కలోని అన్ని భాగాలూ విషపూరితాలే. గింజలో విషం మరింత ఎక్కువ. అది గుండె కొట్టుకునే తీరును దెబ్బతీసి ప్రాణం తీయగలదు.

రెండింటికీ గల భేదాలు తెలిసినవారు పొరబడరు. పచ్చ గన్నేరుకు ముళ్లు ఉండవు; వాక్కాయకు తప్పక ఉంటాయి. పచ్చ గన్నేరు ఆకు సన్నగా, పొడవుగా ఉంటుంది; వాక్కాయ ఆకు పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. పచ్చ గన్నేరు పువ్వు పెద్దది, గరాటు ఆకారంలో సాధారణంగా పసుపుపచ్చగా ఉంటుంది. వాక్కాయ పువ్వు చిన్నది, తెల్లనిది. పచ్చ గన్నేరు కాయ కోణాలు తేలి, లోపల ఒకే గట్టి టెంకతో ఉంటుంది; వాక్కాయ గుండ్రంగానో, కోలగానో ఉండి, లోపల పలుచని గింజలతో ఉంటుంది. ఈ లక్షణాలలో ఏ ఒక్కటి సరిపోకపోయినా కాయను నోట పెట్టరాదు. పెద్దలు చూపనిదే పొదల మీది కాయలు తినకూడదని పిల్లలకు నేర్పాలి.

పొరపాటున ఎవరైనా పచ్చ గన్నేరు కాయనో, గింజనో తింటే లక్షణాలు కనిపించేదాకా వేచి ఉండరాదు. ఉప్పునీరు తాగించి వాంతి చేయించడం వంటి ఇంటి చికిత్సలతో కాలయాపన చేయరాదు. వెంటనే 108 నంబరుకు ఫోను చేయాలి, లేదా దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవాలి. తిన్న మొక్క కొమ్మనో, కాయనో వెంట తీసుకువెళితే వైద్యులకు నిర్ధారణ సులభమవుతుంది.

‘కరెంట్’ అన్న పేరు వెనుక

ఆంగ్ల గ్రంథాలలో వాక్కాయకు ‘బెంగాల్ కరెంట్’ అనే పేరు కనిపిస్తుంది. ఐరోపా దేశాల ఇంటితోటలలో పెరిగే రెడ్ కరెంట్ అనే చిన్న ఎర్రని పండుతో పోల్చి పెట్టిన పేరది. నిజానికి రెండింటికీ కుటుంబ సంబంధం లేదు. రెడ్ కరెంట్ చలిదేశపు పొద. దీర్ఘమైన శీతకాలపు చలి తగిలితేనే అది సక్రమంగా పూస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే సోలాపూర్ ఎండకు అది నిలువదు. అయితే వంటలో మాత్రం పోలిక సరిగ్గా కుదురుతుంది. రెండూ పుల్లనివి, ఎర్రనివి. రెండింటిలోనూ జెల్లీని గడ్డకట్టించే పెక్టిన్ అనే పదార్థం సమృద్ధిగా ఉంటుంది. కనుక రెడ్ కరెంట్ జెల్లీ సీసాను అధిక ధరకు కొనే బదులు అదే పద్ధతిలో వాక్కాయ జెల్లీని ఇంట్లోనే చేసుకోవచ్చు.

నేల, నీరు, నాటే కాలం

తక్కువ వాన, తీవ్రమైన ఎండ, పలుచని నేల: ఈ మూడింటినీ వాక్కాయ తట్టుకుంటుంది. నీరు రోజూ రాని వాడలలో పెంచడానికి ఇంతకంటె అనువైన పండ్ల మొక్కలు కొద్దిగానే ఉన్నాయి. అది సహించనిది ఒక్కటే, వేళ్ల వద్ద నిలిచిన నీరు. సోలాపూర్ పరిసరాలలోని నల్లరేగడి నేల వానలో నీటిని పట్టి ఉంచుతుంది. అటువంటి చోట గుంతలోనుంచి తీసిన మట్టికి మూడోవంతు మొరం, కొంత పశువుల ఎరువు కలిపి నింపి, నేలమట్టానికి జానెడు ఎత్తు దిబ్బగా చేసి దానిపై నాటాలి.

నాటడానికి తొలకరి వానలు పడిన జూన్, జూలై మాసాలు అనుకూలం. గుంత రెండు అడుగుల పొడవు, వెడల్పు, లోతులతో ఉంటే చాలు. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడే చోటు ఎంచుకోవాలి. నీడలో పొద పెరుగుతుంది గాని కాయలు తక్కువ.

మొక్కను విత్తనంతో పెంచవచ్చు. పండిన కాయలోని గింజలను కడిగి, నీడన ఆరబెట్టి, వెంటనే విత్తాలి. నిల్వ చేసిన గింజలు మొలిచే శక్తిని త్వరగా కోల్పోతాయి. విత్తనపు మొక్కను ఒక ఏడాది సంచిలో పెంచి, ఆ తరువాత నేలలో నాటడం మంచిది. అది సాధారణంగా మూడో ఏటినుంచి కాపుకు వస్తుంది. విత్తనపు మొక్క తల్లిమొక్క లక్షణాలను యథాతథంగా పొందకపోవచ్చు. మంచి కాపు గల పొద తెలిసి ఉంటే వానాకాలంలో దాని కొమ్మకు అంటు కట్టి మొక్క తీయడం శ్రేయస్కరం.

నర్సరీలో కొనేవారు రకం పేరు అడిగి తెలుసుకోవాలి. పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ అనే రకాలు వచ్చాయి. మొదటి రెండింటి కాయలు తెలుపు మీద గులాబి ఛాయతో చూడముచ్చటగా ఉంటాయి. కొంకణ ప్రాంతానికి చెందిన దాపోలి వ్యవసాయ విశ్వవిద్యాలయం కొంకణ్ బోల్డ్ అనే పెద్దకాయ రకాన్ని విడుదల చేసింది.

మొదటి రెండు వేసవులలో వారానికి ఒకటి రెండుసార్లు నీరు పోయాలి. వేళ్లు లోతుకు దిగిన తరువాత నీటి అవసరం చాలా తగ్గుతుంది. పిందె దశలో మాత్రం పది, పదిహేను రోజులకు ఒకమారు తడి ఇస్తే కాయ పరిమాణం పెరుగుతుంది. బియ్యం, కూరగాయలు కడిగిన నీరు దీనికి చాలు. సబ్బునీరు, బట్టలు ఉతికిన నీరు పోయరాదు. ఏటా వానాకాలారంభంలో పొద మొదట్లో ఒక బుట్టెడు పశువుల ఎరువో, ఇంటి చెత్తతో చేసిన కంపోస్టో వేయాలి.

ఆవరణ లేని ఇళ్లలో

ఖాళీ స్థలం లేని చాళ్లలో, మేడలలో ఉండేవారు పెద్ద కుండీలో గాని, అడుగున రంధ్రాలు చేసిన డ్రమ్ములో గాని వాక్కాయను పెంచవచ్చు. అడుగున్నర వెడల్పు, అంతే లోతు అవసరం. రెండు పాళ్ల మట్టి, ఒక పాలు కంపోస్టు, ఒక పాలు ఇసుక లేదా మొరం కలిపి నింపాలి. నేలలోని పొదకంటె కుండీ మొక్కకు నీరు తరచుగా కావాలి. వేలు గుచ్చి చూసి, పైమట్టి రెండంగుళాల మేర పొడిగా ఉంటేనే పోయాలి. రెండు మూడేళ్లకొకసారి మొక్కను వెలికి తీసి, చుట్టుకున్న వేళ్ల అంచులు కత్తిరించి, కొత్త మట్టితో తిరిగి నాటితే కాపు నిలుస్తుంది. మెట్ల పక్కన, పిల్లలు ఆడుకునే మూలలలో ఈ కుండీని ఉంచరాదు. ముల్లు గట్టిది, కంటికి అపాయకరం.

కంచె కావాలా, కాయ కావాలా?

వాక్కాయను కంచెగా నాటేవారు మొక్కకూ మొక్కకూ రెండు నుంచి మూడు అడుగుల ఎడం ఇస్తారు. మూడు నాలుగేళ్లలో కొమ్మలు అల్లుకుని, మేకలు కూడ దూరలేని గోడ తయారవుతుంది. ఇనుపముళ్ల తీగకంటె ఇది చవక, తుప్పు పట్టదు, పిట్టలకు గూడు ఇస్తుంది.

అయితే ఒక విషయం గమనించాలి. పూలగుత్తులు కొమ్మల చివరలలో వస్తాయి. గోడవలె నున్నగా కనిపించాలని కంచెను మాటిమాటికీ కత్తిరిస్తే పూయవలసిన కొనలే తెగిపోతాయి. అటువంటి కంచె అందంగా ఉంటుంది గాని కాయలు ఇవ్వదు. కాయలు కోరేవారు ఏడాదికి ఒక్కసారి, కోత ముగిసిన తరువాత, ఎండు కొమ్మలను, లోపలికి పెరిగి చిక్కుపడిన కొమ్మలను మాత్రమే తీసివేయాలి. కాపు కోసమే పెంచే పొదలకు ఆరు నుంచి ఎనిమిది అడుగుల ఎడం అవసరం. బాగా ఎదిగిన పొదనుంచి ఏటా సాధారణంగా 3 నుంచి 5 కిలోల కాయలు లభిస్తాయి.

కంచెను సరిహద్దు గీత మీద కాక, ఇంటి స్థలంలోపల మూడడుగుల దూరంలో నాటాలి. ముళ్లకొమ్మలు కాలిబాట మీదికి వాలితే నడిచేవారికి, ముఖ్యంగా వృద్ధులకు, చూపు లేనివారికి హాని కలుగుతుంది. కత్తిరించిన కొమ్మలను తడి చెత్త బుట్టలో కలపకుండా, విడిగా మోపుకట్టి, ముళ్లు ఉన్నాయని చెప్పి పారిశుద్ధ్య కార్మికులకు అప్పగించాలి. చెత్తలో దాగిన ఒక్క ముల్లు వారి చేతికి రోజులతరబడి నొప్పి మిగల్చగలదు.

చీడపీడలు దీనికి తక్కువ. ఆకుల అడుగున పిండినల్లి కనిపిస్తే నీటిధారతో కడిగి, వేపనూనె కలిపిన నీరు చల్లితే చాలు.

కోత, శుభ్రత

పూత ఫిబ్రవరి నుంచి మొదలవుతుంది. పచ్చికాయలు మే చివరినుంచి, పండ్లు జూలై, ఆగస్టు మాసాలలో అందుతాయి. కాయలన్నీ ఒకేసారి పక్వానికి రావు. వారానికి ఒకమారు చొప్పున మూడు నాలుగు విడతలుగా కోయాలి. పప్పుకు, పచ్చడికి గట్టి పచ్చికాయలు, జెల్లీకి ఎర్రబడిన దోరకాయలు అనుకూలం.

కోసేటప్పుడు పొడుగుచేతుల చొక్కా, మందపాటి చేతితొడుగులు ధరించాలి. కాయలు తరిగే ముందు చేతులకు, కత్తికి కొద్దిగా నూనె రాసుకుంటే జిగురుపాలు అంటుకోవు. కాయను నిలువునా చీల్చి గింజలు తీసి, ముక్కలను ఉప్పు కలిపిన నీటిలో పది నిమిషాలు ఉంచి కడిగితే పాలు పోతాయి. గింజలు మిగిలితే వంటకు వగరు వస్తుంది. పులుపు వల్ల రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలు వాడరాదు. స్టీలు, గాజు, జాడీలు తగినవి.

వంటింట్లో వాక్కాయ

చింతపండు, మామిడికాయ వాడే దాదాపు ప్రతి చోటా వాక్కాయను వాడవచ్చు. పప్పు చేసేటప్పుడు ఒక కప్పు కందిపప్పుకు పది, పదిహేను కాయలు సరిపోతాయి. పప్పును ముందుగా మెత్తగా ఉడికించి, కాయముక్కలను, పచ్చిమిరపకాయలను వేరుగా మగ్గించి తరువాత కలపాలి. పులుపు ముందే చేరితే పప్పు సరిగా ఉడకదు.

రోటిపచ్చడికి కాయలను నూనెలో మగ్గించి, వేయించిన ఎండుమిరపకాయలు, జీలకర్ర, వెల్లుల్లితో నూరాలి. సోలాపూర్ శేంగా చట్నీకి పేరుపొందిన ఊరు. వేయించిన పల్లీలు గుప్పెడు చేర్చి నూరితే వాక్కాయ పులుపు నెమ్మదించి, రొట్టెలోకీ అన్నంలోకీ సమానంగా కుదురుతుంది. కాయలను దంచి పోపులో మగ్గించి అన్నంలో కలిపితే పులిహోర. మాంసం, చేపల కూరలలో చింతపండుకు బదులు వేసే అలవాటూ కొన్ని ఇళ్లలో ఉంది.

నిల్వ పచ్చడికి అరకిలో కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, చీల్చి, గింజలు తీయాలి. 100 గ్రాముల ఉప్పు, 75 గ్రాముల కారం, 50 గ్రాముల ఆవపిండి, చెంచాడు మెంతిపిండి, పావులీటరు నువ్వులనూనె లేదా పల్లీనూనె కలిపి జాడీలో ఉంచాలి. మూడో నాడు కలియబెట్టి, నూనె పైకి తేలకపోతే మరికొంత పోయాలి. వారం గడిస్తే ముక్క ఊరుతుంది.

జెల్లీకి ఒక కిలో దోరకాయలను మునిగేంత నీటిలో ఇరవై, ఇరవైఅయిదు నిమిషాలు ఉడికించి మెదపాలి. పలుచని బట్టలో మూటకట్టి రాత్రంతా వేలాడదీసి, కారిన రసాన్ని పట్టాలి. మూటను పిండితే రసం మసకబారుతుంది. రసానికి సమానంగా పంచదార కలిపి పెద్దమంట మీద మరిగించాలి. చల్లని పళ్లెంలో వేసిన చుక్క జారకుండా, వేలితో తోస్తే ముడతపడితే పాకం సిద్ధమైనట్లు. వేడిగానే శుభ్రమైన పొడి సీసాలలో నింపాలి. పూర్తిగా పండిన కాయలలో పెక్టిన్ తగ్గిపోతుంది కనుక వాటితో మాత్రమే చేస్తే జెల్లీ గట్టిపడదు.

బేకరీలోని ‘చెర్రీ’

రొట్టెలమీద, ఐస్‌క్రీముమీద, తమలపాకు బీడాలలో కనిపించే ఎర్రని ‘చెర్రీ’ చాలా సందర్భాలలో వాక్కాయే. గింజలు తీసి, పంచదార పాకంలో ఊరబెట్టి, రంగు వేసి అమ్ముతారు. అసలు చెర్రీలో ఒకే గుండ్రని టెంక ఉంటుంది. పాకపు కాయను చీల్చినప్పుడు పక్కన గాటు, లోపల పలుచని గింజల ఆనవాళ్లు కనిపిస్తే అది వాక్కాయ అని తెలుస్తుంది. వాక్కాయ తినడంలో దోషం లేదు. తెలుసుకోవలసింది రంగును గురించి. ముద్రిత పొట్లం మీద కలిపిన కృత్రిమ రంగును పేర్కొనాలని ఆహార భద్రత నియమాలు చెబుతున్నాయి. విడిగా తూచి అమ్మే సరుకుకు ఆ వివరం ఉండదు. పిల్లలకు తరచుగా పెట్టేవారు పొట్లం మీది వివరాలు చదివి కొనడం మంచిది. ఇంట్లో ఏ రంగూ చేర్చకుండా పాకం పట్టిన కాయలు దానిమ్మగింజ ఎరుపును సహజంగానే పొందుతాయి.

ఔషధం కాదు, ఆహారం

వాక్కాయలో ఇనుము, విటమిన్ సి ఉన్నాయి. పప్పుతో, ఆకుకూరతో కలిపి తింటే ఆ విటమిన్ ఆహారంలోని ఇనుమును శరీరం గ్రహించడానికి తోడ్పడుతుంది. అంతమాత్రాన అది రక్తహీనతకు చికిత్స కాదు. ‘రక్తం పడుతుంది’ అన్న మాట విని, గర్భిణులు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన ఇనుము మాత్రలు మానివేయడం తల్లికీ బిడ్డకూ ప్రమాదకరం. మాత్రలు కొనసాగిస్తూ వాక్కాయ పప్పు తినవచ్చు. కడుపులో పుండ్లు, ఆమ్లబాధ ఉన్నవారు మితంగా తీసుకోవాలి. నిల్వ పచ్చడిలో ఉప్పు అధికం కనుక రక్తపోటు ఉన్నవారు పప్పు, రోటిపచ్చడి రూపాలలో, అదీ ఉప్పు తగ్గించి వాడుకోవడం మేలు.

ఒక పొద కాపుకు వస్తే ఒక కుటుంబం అవసరం తీరి, ఇరుగుపొరుగులకు పంచడానికీ మిగులుతుంది. కాయలతోపాటు వానాకాలంలో ఒక అంటుమొక్కను, దానిని పచ్చ గన్నేరునుంచి వేరుగా గుర్తించే లక్షణాలను కూడ పొరుగువారికి అందజేస్తే, ఏ పేరుతో పిలిచినా ఆ కాయను వాడలోని పిల్లలందరూ సరిగా పోల్చుకోగలుగుతారు.